నీళ్ళలో పనిచేసే స్పీకర్

రెండు వేల ఇరవై నాలుగు, డిసెంబరు నెల. షోలాపూర్‌లో కొంతం చౌక్ పక్క సందులో నా చేపల దుకాణం. చేపల దుకాణమంటే తినే చేపలనుకుని ఇప్పటికీ కొందరు సంచి పట్టుకుని వస్తారు. "కిలో ఎట్లా?" అని అడుగుతారు. నేను గోడ పొడవునా ఉన్న గాజు తొట్లు చూపించి, "ఇవి చూసుకునేవి, వండుకునేవి కావు" అంటాను. కొందరు నవ్వి వెళ్ళిపోతారు. కొందరు మాత్రం నిలబడి, "చూసుకుంటే ఏమొస్తది?" అని అడుగుతారు. పాతికేళ్ళుగా ఈ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు.

మాది నేతవాళ్ళ కుటుంబమే. మా నాన్న చద్దర్లు నేసేవాడు. ఈ దుకాణం పెట్టింది మాత్రం మా ఆయన. ఆయనకు చేపల కంటే తొట్లలో వెలిగే రంగు లైట్ల మీద మోజు ఎక్కువ. రెండేళ్ళు తిరగకుండానే లైట్ల కొట్టు ఒకటి వేరే పెట్టుకుని అటు వెళ్ళిపోయాడు. చేపలు నాకు మిగిలాయి. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ అని బజారులో పేరుంది. చేపల దగ్గర ఈ రెండూ పనికిరావు కాబట్టి, మిగిలినదంతా మనుషుల మీదే ఖర్చు పెడుతుంటాను.

మా పనిలో చలికాలం గడ్డుకాలం. అక్వేరియం చేపలను మేం రెండు రకాలుగా చెప్పుకుంటాం. ట్రాపికల్ ఫిష్ అంటే ఏడాదంతా నీళ్ళు గోరువెచ్చగా ఉండే చోట్ల పుట్టినవి. గప్పీ, ఏంజెల్, ఫైటర్ ఈ రకం. నీళ్ళు బాగా చల్లబడితే ముడుచుకుపోతాయి, వాటికి హీటర్ కావాలి. హీటర్ అంటే తొట్టిలో నిలబెట్టే సన్నటి గాజు గొట్టం, లోపల తీగ వేడెక్కుతుంది. రెండోది కోల్డ్ వాటర్ ఫిష్, చలిని తట్టుకునేవి. గోల్డ్ ఫిష్ ఈ రకం. చలిదేశాల్లో పైన మంచు కట్టిన కుంటల్లో కూడా అవి అడుగున బతికే ఉంటాయి. అందుకే గోల్డ్ ఫిష్ కొన్నవాళ్ళకు చలికాలం గురించి నేను పెద్దగా చెప్పను. మన షోలాపూర్ చలి దానికి ఒక లెక్కా?

ఆ నెలలో ఒక పొద్దున యాభై ఏళ్ళు దాటిన ఒకావిడ దుకాణంలోకి వచ్చింది. చేతి వేళ్ళ చివర్లు నల్లగా ఉన్నాయి, తంబాకు పట్టి పట్టి. బీడీలు చుట్టే చేతులు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తొట్ల వైపు చూడకుండా సూటిగా నా దగ్గరికే వచ్చింది.

"అక్కా, నీళ్ళల్ల పనిచేసే స్పీకర్ ఉంటదా మీ దగ్గర?"

"నీళ్ళలో స్పీకరా? దేనికి?"

"మా సేటుకు సాంచాల చప్పుడు వినిపియ్యాలె."

సాంచా అంటే మా దగ్గర పవర్‌లూమ్. సేటు ఎవరో అర్థం కాలేదు. ఆమె ఫోన్ తీసి ఫొటో చూపించింది. జానెడు పొడవున్న ఎర్ర గోల్డ్ ఫిష్, పొట్ట నిండుగా, మూతి కాస్త పైకెత్తి. "పనేం చెయ్యడు, తింటడు, అటూ ఇటూ తిరిగి అందరినీ చూస్తడు. అందుకే మా ఆయన సేటు అని పేరు పెట్టిండు" అంది. ఎనిమిదేళ్ళ కింద నా దుకాణంలోనే కొన్నారట. వేలెడంత ఉండేదట అప్పుడు. నాకు గుర్తు లేదు కానీ చేపను చూస్తే ముచ్చటేసింది. మా దగ్గర కొన్న గోల్డ్ ఫిష్‌లు చాలావరకు ఎనిమిది నెలలు కూడా బతకవు.

ఆమె పేరు అంబుబాయి. భర్త ఆశన్న, పవర్‌లూమ్ కార్మికుడు. అశోక్ చౌక్ దగ్గర ఒక కారఖానా వెనక ఖోలీలో, అంటే ఒంటి గదిలో, ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నారు. నవంబరులో ఊరి బయట కుంభారిలో బీడీ కార్మికులకు కట్టిన కొత్త కాలనీకి మారారు. మారిన రోజు నుంచి చేప తిండి మానేసింది. తొట్టి అడుగున ఒక మూల ఆనుకుని పడి ఉంటోంది.

"ఆడ పొద్దంత సాంచాల చప్పుడే అక్కా. గోడ అవుతల్నే కారఖానా. మాకే కొత్తింట్ల నిద్ర వస్తలేదు, ఇంత సప్పుడు లేకుంట ఎట్లుంటమని. ఇగ అది పుట్టి బుద్ధెరిగిన కాడికెల్లి ఆ చప్పుట్లనే పెరిగె. దానికి ఫికర్ అయితదా కాదా?"

అని ఫోన్‌లో ఒక రికార్డింగ్ పెట్టింది. దుకాణమంతా ఖటాఖట్ ఖటాఖట్ అని మోగింది. ఆశన్న పాత కారఖానాకు వెళ్ళి, సాంచాల మధ్య నిలబడి రికార్డు చేసుకొచ్చాడట. తొట్టి గాజుకు ఫోన్ ఆనించి పూటపూటా వినిపిస్తున్నారట. చేప కదలడం లేదు, చప్పుడు నీళ్ళలోకి సరిగా పోవడం లేదేమోనని స్పీకర్ కోసం వచ్చింది.

నాకు నవ్వు పొంగుకొచ్చింది. నోటిదాకా వచ్చిన మాట ఇంకొక్క క్షణంలో బయటపడేది. కానీ ఆమె రికార్డింగ్ ఆపి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది.

"ఆ ఇల్లు నా పేరు మీద వచ్చింది అక్కా. నా బీడీల మీద. జిందగీల మొదటిసారి మాలక్ ఎప్పుడు ఖాలీ చెయ్యమంటడో అనే భయం లేకుంట పండుకుంటున్న. గాని మా ఆయన దిల్ ఆ ఇంట్ల లేదు. ఖోలీ ఇడిసినంక సాంచా పని గూడ బంద్ చేసిండు. రోజు బస్సెక్కి అశోక్ చౌక్ పోతడు, ఆ పాత ఖోలీ ముంగట కూసోని వస్తడు. ఆ ఖోలీ ఇంక ఖాలీనే ఉన్నది. 'సేటు సచ్చిపోతె మనం వాపస్ పోతం, జీవం నిలువని ఇంట్ల మనం ఉండొద్దు' అంటున్నడు. ఆయన ఒక్కసారి అన్నడంటె అన్నడే. నేనొక్కదాన్ని ఆ ఇంట్ల ఏం జెయ్యాలె?"

ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. వచ్చే బస్సుకు టైమెంత అన్నట్టే చెప్పింది. ఒక ఆడమనిషి తన పేరు మీద ఇల్లు రావడమంటే ఏమిటో మా పేటలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అది ఇప్పుడు ఒక చేప ప్రాణం మీద ఆధారపడి ఉంది.

స్టూల్ లాగి కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాను. తిండి ఏం వేస్తారు? నా దగ్గర దొరికే గింజలే, మధ్యమధ్య కడక్ భాకరీ, అదే ఎండు జొన్నరొట్టె, నలిపి. భాకరీ వద్దని ఒకసారి తిట్టాను. నీళ్ళు ఎప్పుడు మారుస్తారు? నల్లా నీళ్ళు ఒక రోజు నిలవపెట్టి, సగం మారుస్తాం. అది సరిగ్గానే ఉంది. ఒంటి మీద తెల్లమచ్చలున్నాయా, రెక్కలు చిరిగాయా? లేవు. నీళ్ళు చల్లబడ్డాయేమో అని ఒకసారి అనిపించినా, గోల్డ్ ఫిష్ కదా అని ఆ ఆలోచన పక్కన పెట్టాను. ఏ దారీ దొరకలేదు. మాట మార్చడానికి, "ఇల్లయితే బాగుందా?" అన్నాను.

"మస్తున్నది. గాలి, ఎల్తురు, నీళ్ళు అన్ని బరాబర్. ఒక్కటే తక్లీఫ్, బీడీలు మెత్తవడుతున్నై. కంపెనీల చెకింగ్‌ల తీసి పడేస్తుండ్రు. ఆడైతె చాట గోడకు ఆనిస్తె సాలు, వానకాలంల గూడ ఖడక్ అవుతుండె."

"ఏ గోడకు?"

"అదే, సేటు తొట్టి ఉన్న గోడ. అవుతల రంగుల భట్టి ఉండె గద. ఎప్పటికి ఎచ్చగనె ఉంటుండె."

నేను లేచి నిలబడ్డాను. నూలుకు రంగు వేయడానికి నీళ్ళు మరిగించే భట్టి అది. ఏడాది పొడవునా మండుతుంది. ఆ గోడకు ఆనుకుని ఎనిమిదేళ్ళుగా చేప తొట్టి ఉంది. వీళ్ళు ఆ గదిలో రాత్రింబవళ్ళు విన్నది చప్పుడు, కాబట్టి పోయింది చప్పుడే అనుకున్నారు. గోడ వేడి వాళ్ళకు బీడీల పనిలో ఒక భాగం, అంతే. అది చేపకు కూడా తగులుతోందని ఎవరికీ తట్టలేదు. అది గోల్డ్ ఫిష్షే, చలిని తట్టుకునే జాతే. కానీ ఈ ఒక్క చేప చలి అనేది ఎరగదు.

దుకాణం మూసేసి, ఒక హీటర్, ఒక థర్మామీటర్, ఎయిర్ పంపు సంచిలో వేసుకుని, అంబుబాయిని స్కూటీ వెనక ఎక్కించుకుని కుంభారి బయలుదేరాను. దారిలో గాలి కొడుతుంటే నాకే వణుకొచ్చింది. ఊరి బయట మైదానం, అడ్డం లేదు. ఇళ్ళ వరసలు ఒకదాని పక్కన ఒకటి కొత్తగా, శుభ్రంగా, చల్లగా ఉన్నాయి.

తొట్టి కిటికీ కింద స్టూల్ మీద పెట్టారు. వెలుతురు బాగా వస్తుందని అక్కడ పెట్టారట, పాపం. ఆశన్న దాని ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఫోన్, దాంట్లో ఖటాఖట్. సన్నటి మనిషి, సాంచాల మధ్య పనిచేసినవాళ్ళందరి లాగే చెవుడు, అందుకని అరిచినట్టు మాట్లాడతాడు.

"స్పీకర్ దొరికిందా?"

నేను థర్మామీటర్ నీళ్ళలో దించాను. పదిహేడు డిగ్రీలు. పాత గదిలో నీళ్ళు ఇరవై ఎనిమిదికి తగ్గి ఉండవని నా అంచనా. చేప మూల నక్కి, రెక్కలు ఒంటికి అతికించుకుని ఉంది. మొప్పలు ఎంతసేపటికో ఒకసారి కదులుతున్నాయి. ఇంకా బతికే ఉంది.

"అన్నా, దీనికి చప్పుడు కాదు తక్కువైంది, వేడి. నీళ్ళు చల్లగైనయ్. అంతే."

మాట పూర్తి కాకముందే ఆశన్న లేచి లోపలికి వెళ్ళాడు. నేను ఎయిర్ పంపు బిగిస్తూ వెనక్కి చూడలేదు. చూసేసరికి స్నానానికి కాచిన నీళ్ళ తపేలా రెండు చేతులతో పట్టుకుని, పొగలు కక్కుతుండగా, తొట్టి మీదికి వంచుతున్నాడు.

"ఆగు! థాంబ్! చంపుతవా దాన్ని?" అని నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు తొంగి చూశారు. ఆయన తపేలా కింద పెట్టేశాడు.

"సలి అంటివి గద చెల్లె..."

"చలే. కానీ ఒక్కసారి వేడి పోస్తే చలి కంటే ముందు అదే చంపుతది."

దీన్ని మేం థర్మల్ షాక్ అంటాం. నీళ్ళ వేడి ఉన్నట్టుండి మారితే చేప ఒంటికి తగిలే దెబ్బ. కొత్త చేపను కొన్నవాళ్ళకు, ప్లాస్టిక్ సంచితో సహా తొట్టి నీళ్ళలో కాసేపు తేలనివ్వండి, ఆ తర్వాతే విప్పండి అని మేం చెప్పేది ఇందుకే. పదిమందిలో ఎనిమిదిమంది వినరు.

ఆశన్నకు ఇంకాస్త వివరంగా చెప్పాల్సి వచ్చింది. ఆయన అర్థం కానిదే ఏదీ ఒప్పుకునే మనిషి కాడు. మనకు ఒంట్లో సొంత వేడి ఉంటుంది. చేపకు అది లేదు. నీళ్ళు ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్ళూ అంతే. నీళ్ళు చల్లబడితే లోపల అన్నీ నెమ్మదిస్తాయి. గుండె, ఊపిరి, అరుగుదల, అన్నీ. తిండి అరగదు కనుకే తినదు. అలక కాదు, దిగులు కాదు.

"మరి మంచు దేశంల చాపలెట్ల బతుకుతై?" అని అడిగాడు. మంచి ప్రశ్న. నేను చదివినంతలో చెప్పాను. మంచు సముద్రాల్లో కొన్ని చేపల రక్తంలో గడ్డకట్టనివ్వని పదార్థం పుట్టుకతోనే ఉంటుంది. కొండల మీద చల్లటి వాగుల్లో బతికే చేపలను వెచ్చటి నీళ్ళలో వేస్తే గాలి అందక చస్తాయి, ఎందుకంటే నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో గాలి తగ్గుతుంది. గోల్డ్ ఫిష్ లాంటివి రెండు రకాల నీళ్ళకూ అలవాటు పడగలవు, కానీ దానికి ఒంటిని లోపలి నుంచి మార్చుకోవాలి. అంబుబాయి వైపు తిరిగి, "వదినె, చలికి నెయ్యి గడ్డ కడతది, నూనె కట్టదు కదా?" అన్నాను. ఆమె తలూపింది. చేప ఒంట్లో కణాల పొరల్లో కొవ్వు ఉంటుంది. వెచ్చటి నీళ్ళకు అలవాటైన చేపలో అది నెయ్యి లాంటిది. చలిలో బిగుసుకుంటుంది. నెమ్మదిగా చల్లబడితే చేప దాన్ని కొంచెం కొంచెంగా నూనె లాంటి దానితో మార్చుకుంటుంది. అరుగుదల రసాలనూ చలికి పనికొచ్చేలా మార్చుకుంటుంది. ఇదంతా వారాల పని. ఈ అలవాటు పడడాన్నే మా వాళ్ళు అక్లిమటైజేషన్ అంటారు. సేటుకు ఆ వారాలు దొరకలేదు. భట్టి గోడ నుంచి తీసి, ఒక్క పూటలో ఈ కిటికీ కింద పెట్టారు. ఆ దెబ్బకు తిండి మానేశాక ఒళ్ళు మార్చుకునే బలమూ లేకపోయింది.

ఆశన్న ఫోన్ తీసుకుని ఖటాఖట్ ఆపేశాడు.

తొట్టిని కిటికీ నుంచి జరిపించి, లోపలి గోడకు పెట్టించాను. హీటర్ నిలబెట్టాను. దానికి థర్మోస్టాట్ అనే చిన్న తిప్పుడు బిరడా ఉంటుంది, ఎన్ని డిగ్రీలకు తిప్పితే నీళ్ళ వేడి అక్కడ ఆగుతుంది. రోజుకు ఒక్క డిగ్రీ పెంచాలి. పొద్దున, సాయంత్రం థర్మామీటర్ చూడాలి. చేప తనంతట తాను పైకొచ్చేదాకా తిండి వేయొద్దు.

"ఇది ఎవరు చేస్తరు?" అన్నాను. అంబుబాయి నోరు తెరవబోయింది. నేను ఆమెను చూడకుండా, "వదినె బీడీలు చుట్టాలె. ఆమెకు కుదరదు. ఇది నీ పని అన్నా. నువ్వు లేనప్పుడు ఇంకెవలు బిరడా ముట్టుకోవద్దు" అన్నాను. రోజూ బస్సెక్కి పోయే మనిషిని ఇంటి దగ్గర కూర్చోబెట్టడానికే అన్నానని ఆయనకు తెలియదు. అంబుబాయికి తెలిసింది. చాట ముందుకు లాక్కుని తల వంచుకుంది.

మరునాటి నుంచి ఫోన్లు. అరుపులకు నా చెయ్యి ఫోన్‌ను చెవికి దూరంగా పట్టుకోవడం నేర్చుకుంది.

"చెల్లె! పద్దెనిమిది!"

"సరే అన్నా."

"చెల్లె! పంతొమ్మిది! అట్లనే ఉన్నడు. కదులుతలేడు."

"ఉండనీ. తొందరపడకు."

దుకాణంలో ఉన్న కొనుగోలుదార్లకు ఈ డిగ్రీలన్నీ వినిపించేవి. ఎవరికి జ్వరమని ఒకాయన అడిగాడు. సేటుకు అన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆశన్న తొట్టి చుట్టూ చద్దరు చుట్టి, నాకు ఫోన్ చేసి చిన్నపిల్లవాడిలా ఏడుపు గొంతుతో అడిగాడు, "చద్దరు కప్పిన, సాలునా?" చద్దరు వేడి పుట్టించదు, ఉన్న వేడిని పోనివ్వదు, అది చాలు అన్నాను. పెద్ద మనిషి, జీవితమంతా చద్దర్లు నేసినవాడు, ఒకటి చేపకు కప్పి దాని పక్కనే కూర్చున్నాడు. నాకు ఆయన మీద ఉన్న కోపం అక్కడితో పోయింది. ఈయన మూర్ఖుడు కాదు. ఇరవై ఏళ్ళ చోటు ఒక్క పూటలో పోతే ఎవరికైనా ఏదో ఒకదాన్ని గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది. ఆయన చేపను పట్టుకున్నాడు.

నీళ్ళు ఇరవై నాలుగుకు వచ్చిన రోజు ఫోన్ అంబుబాయి నుంచి వచ్చింది. ఆమె ఎప్పుడూ చేయదు. సేటు పోయాడనుకున్నాను.

"అక్కా, పైకొచ్చిండు. మూతి తెరిసి అడుగుతుండు. ఈయన ఏడుస్తుండు. ఏం పెట్టమంటరు?"

"ఒక్క గింజ. ఒక్కటే. భాకరీ పెట్టావంటే వచ్చి చంపుతా."

ఆమె నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది కూడా. నేనూ కాస్త అంతే.

అంతటితో కేసు ముగిసేదే. కానీ కుంభారిలో కరెంటు మళ్ళీ పోతుంది, ఎంతసేపని చద్దరు వేడిని ఆపుతుంది? హీటర్‌ను నమ్ముకున్న చేపకు ప్రతిసారీ అదే దెబ్బ. అందుకని వారం ఆగి ఆశన్నకు చెప్పాను, ఇప్పుడు మెల్లగా తగ్గించాలి అని. మూడు నాలుగు రోజులకు ఒక డిగ్రీ.

"నకో చెల్లె! ఇప్పుడే మంచిగయిండు, మల్ల సలవెట్టుడెందుకు?"

"ఈ ఇంటి నీళ్ళు దానికి అలవాటు కావాలె అన్నా. ఎన్ని రోజులు వైరు పట్టుకుని బతుకుతది?"

రెండు రోజులు ఫోన్ చేయలేదు, అలిగాడు. మూడో రోజు "చెల్లె! ఇరవై మూడు!" అని అరుపు. అలా ఒక్కో డిగ్రీ దిగాడు. జనవరి అంతా గడిచింది. చేప మొదట కాస్త మందగించేది, మళ్ళీ తేరుకునేది. తిండి కొంచెం తగ్గించాం. ఈ మధ్యలో ఆయన అశోక్ చౌక్ పోవడం మానేశాడా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పొద్దున ఒక డ్యూటీ, సాయంత్రం ఒక డ్యూటీ, మధ్యలో ఆయన అంత దూరం పోయి రాలేడు. పక్కింటివాళ్ళు చేపను చూడడానికి వస్తే కూర్చోబెట్టి నెయ్యి, నూనె సంగతి చెబుతున్నాడని అంబుబాయి చెప్పింది. హీటర్ వెలగాల్సిన అవసరం లేకుండా పోయిన రోజు నీళ్ళు పంతొమ్మిది డిగ్రీలు. సేటు తొట్టి మధ్యలో, రెక్కలు విప్పుకుని, అందరినీ చూస్తూ తిరుగుతున్నాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. హీటర్ తీసి తెచ్చుకుందామని. అంబుబాయి గడప దగ్గర చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆశన్న నాకు టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ఎప్పుడూ లేనిది మెల్లగా మాట్లాడాడు.

"చెల్లె, కారఖానా మాలక్ ఫోన్ చేసిండు. పాత మనిషివి, రమ్మంటున్నడు. ఖోలీ గూడ నీదే అంటున్నడు. ఒక మాట అడుగుత, సచ్చెం చెప్పు. సేటును మల్ల ఆ గోడ కాడికి తీస్కపోతె, దానికి అలవాటు కానీకి ఎన్ని దినాలు?"

అంబుబాయి చేతులు ఆగలేదు. కానీ కళ్ళు నా మీదికి వచ్చాయి.

ఆ చూపు నేను మర్చిపోలేను. ఆమె నన్ను అబద్ధం చెప్పమనలేదు. ఒక్క అబద్ధం చాలు, అది నా నాలుక చివర ఉంది. మళ్ళీ మార్చితే చచ్చిపోతుంది అంటే చాలు. ఆయన నమ్ముతాడు. చేపల విషయంలో ఇప్పుడు నా మాట ఆయనకు వేదం. ఇల్లు నిలుస్తుంది. కానీ ఆయన సచ్చెం చెప్పు అన్నాడు. రెండు నెలలు నేను చెప్పిన ప్రతి డిగ్రీనీ నమ్మి నడిచిన మనిషి.

"ఎక్కువ రోజులు పట్టదన్నా" అన్నాను. "చలికి అలవాటు పడుడు కష్టం, వేడికి సులువు. నెమ్మదిగా పెంచుకుంట పోతే కొద్ది రోజుల్లో సెట్ అయితది. దానికేం కాదు."

అంబుబాయి చూపు దించుకుంది. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

ఆశన్న చేప వైపు తిరిగాడు. "మరి ఈడ నేర్సుకున్నది? ఈ సలి?"

"పోతది. ఒళ్ళు మళ్ళీ మొదటిలా అయితది. మళ్ళీ ఎప్పుడన్నా ఈడికి తెస్తే, మళ్ళీ మొదటి నుంచే."

"మొత్తం పోతదా?"

"మొత్తం."

ఇంకేదైనా అందామని నోరు తెరిచాను. ఇల్లు గురించి, వదినె గురించి, ఇన్నేళ్ళ బీడీల గురించి. నా జీవితంలో అలాంటి చోట నేను ఊరుకున్నది ఎప్పుడూ లేదు. ఎందుకో ఆ రోజు మూసుకున్నాను. బయట ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు, అది స్టార్ట్ కావడం లేదు. ఆశన్న వేలితో గాజు మీద మెల్లగా తట్టాడు, సేటు వేలి దగ్గరికి వచ్చి మూతి తెరిచాడు.

తర్వాత తల పైకెత్తి, పైకప్పు వైపు చూసి ఆయన అడిగాడు.

"చెల్లె, మే నెలల ఈ స్లాబ్ కింద నీళ్ళు ఎంతకు పోతై?"

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. ఇది ఎండాకాలం ఇక్కడే గడిపే మనిషి అడిగే ప్రశ్న. చూసుకోకపోతే ముప్పై మూడు, ముప్పై నాలుగుకు పోతాయి, అప్పుడు గాలి తగ్గుతుంది, ఎయిర్ పంపు ఆపకూడదు, కిటికీకి తడి చాప కట్టాలి అని చెప్పాను. ఆయన ఒక్కొక్కటీ తిరిగి నాకు అప్పజెప్పాడు. మాలక్‌కు ఏం చెబుతారని నేను అడగలేదు. "పనికి పోత, బస్సుకు పోయి బస్సుకు వస్త. ఖోలీ వద్దంట" అని ఆయనే అన్నాడు, చాపకు కొలత చూస్తూ, కిటికీ దగ్గర నుంచి.

గడప దగ్గర అంబుబాయి ఆకు చుట్టి, దారం కట్టి, చాటలో వేసింది. ఆశన్న వచ్చి ఆ బీడీ తీసి పట్టుకుని చూశాడు. లోపల తంబాకు లేదు. ఉత్త ఆకు.

"ఇదేందే? ఇది చెకింగ్‌ల పాస్ అయితదా?" అన్నాడు పెద్దగా నవ్వుతూ.

"కాకుంటె కానీ" అంది ఆమె. పైట కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఈ కేసు తర్వాత నా పనిలో కొన్ని మార్పులొచ్చాయి. చేప బాగోలేదని ఎవరైనా వస్తే, ఏం తింటోంది అని కాదు, ఇంతకుముందు ఎక్కడ ఉండేది, ఏ గోడ పక్కన అని మొదట అడుగుతాను. గోల్డ్ ఫిష్ కొన్నవాళ్ళకు కూడా ఇప్పుడు చలికాలం గురించి చెబుతాను. జాతి గురించి పుస్తకం చెబుతుంది, ఈ ఒక్క చేప ఎలా పెరిగిందో ఇంటివాళ్ళే చెప్పాలి. కానీ నాకు మిగిలిన పాఠం అది కాదు. మన చేతిలో ఉన్నది ఉన్నట్టు చెప్పడం వరకే. ఆ తర్వాత ఎంత ప్రేమ ఉన్నా నోరు మూసుకుని కూర్చోవాలి, అవతలి మనిషి తన లెక్క తాను చూసుకునేదాకా. పాతికేళ్ళలో నేను ఒక్కసారి అలా కూర్చున్నాను. ఆ రోజు చల్లారిన టీ తాగేసి, హీటర్ సంచిలో వేసుకుని, వాళ్ళిద్దరినీ అలా వదిలి బయటికి వచ్చాను.